మిల్లు దాకా వేసిన రోడ్డు

ఆ పూలచక్రాన్ని చర్చిలో శవపేటిక తలవైపు నిలబెట్టారు. మనిషెత్తు స్టాండు, నిండా తెల్ల లిల్లీలు, అడ్డంగా బంగారు అంచు రిబ్బను. రిబ్బను మీద ఫిలిప్పీన్స్‌లోని ఒక చక్కెర భూస్వాముల కుటుంబం పేరు, దాని కింద ఇంగ్లీషులో "మా ఊరి ముద్దుబిడ్డకు" అని రాసి ఉంది. నాకు మోకాళ్ళు సహకరించని వయసు. అయినా లేచి వెళ్ళి రెండు చేతులతో ఆ రిబ్బను లాగేశాను. పిన్నులు ఊడి కింద పడ్డాయి. మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడి ఫిలిప్పీన్స్ వాళ్ళ అసోసియేషన్ సెక్రటరీ, పాతికేళ్ళ కుర్రాడు, గబగబా వచ్చాడు. "మేడమ్, అది అక్కడి గవర్నర్ గారి ఫ్యామిలీ పంపింది."

"తెలుసు. అందుకే తీశాను."

"ఆంటీ ఉంటే ఫీలయ్యేవారు కదా."

"మీ ఆంటీ ఉంటే ఈ స్టాండు కూడా మిగిలేది కాదు నాయనా."

అతనికేమీ అర్థం కాలేదు. ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సిన మనిషి పెట్టెలో పడుకుని ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ ఊళ్ళో వాళ్ళ వాళ్ళు ఇంకా ఉన్నారు. హాస్పిటల్లో ఫిలిప్పీన్స్ నర్సులందరూ ఆమెను "మనాంగ్" అనేవారు. వాళ్ళ భాషలో అక్క అని అర్థం. వాళ్ళను చూసి నేనూ అలాగే పిలిచాను. షికాగో దగ్గరి అరోరాలో ఆ హాస్పిటల్ కిచెన్‌లో నేను డైట్ క్లర్కుగా చేరింది డెబ్బై ఎనిమిదిలో. రోగులకు ఏ ట్రేలో ఏం వెళ్ళాలో రాసే ఉద్యోగం. ఆమె అప్పటికే మూడో ఫ్లోర్ హెడ్ నర్సు. నా భుజం దాటని ఎత్తు. సుద్ద పూసినట్టు తెల్లగా మెరిసే బూట్లు. నడక చూస్తే ఎవరినో పట్టుకోవడానికి పోతున్నట్టుండేది.

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. కానీ ఇన్నేళ్ళలో ఆ మాటలు నాలో తెలుగుగా మారిపోయాయి.

కాఫీలో నాలుగు చక్కెర పొట్లాలు చింపి పోసుకునేది. "షుగరొస్తుంది మనాంగ్" అంటే, "మా నాన్న ముప్ఫై ఏళ్ళు చెరుకు నరికాడు. ఆయన తాగలేదు. నేను తాగుతాను" అని స్పూన్ గట్టిగా తిప్పేది. మధ్యాహ్నం అన్నంలో ఎండుచేపలు తెచ్చుకుంటే మిగతా నర్సులు వేరే బల్ల చూసుకునేవారు. ఆ వాసన నాకు కొత్తది కాదు. అలా ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మొదలైంది.

ఆమెకు థాంక్స్ చెబితే ఒళ్ళు మండేది. ఒక ముసలాయనకు దుప్పటి కప్పిందట, ఆయన చెయ్యి పట్టుకుని పదే పదే థాంక్యూ అన్నాడట. "ఇది నా డ్యూటీ. థాంక్స్ అక్కర్లేదు. రేపు నేను లేటుగా వస్తే మాత్రం గట్టిగా తిట్టండి" అని వేలు చూపించి చెప్పింది. నర్సులను తిట్టమని రోగులకు నేర్పిన హెడ్ నర్సును నేనింకెక్కడా చూడలేదు. కొత్తవాళ్ళకు ఆమె ఇచ్చే మొదటి పాఠం, "నీకు రావలసిన దాన్ని ఎవరైనా గిఫ్ట్ అని ఇస్తే, ఇచ్చినవాడి జేబులు చూడు."

ఒకరోజు మెనూ కార్డు వెనక వాళ్ళ ఊరి పటం గీసింది. ఒక పక్క రేవు, అక్కడి నుంచి తారురోడ్డు, ఆ రోడ్డు చివర చక్కెర మిల్లు. మిల్లు ఒకే కుటుంబానిది. చుట్టూ చెరుకు తోటలు ఆ కుటుంబానివే. అన్నదమ్ములు ముగ్గురు. ఒకడు మిల్లు చూస్తాడు, ఒకడు మేయరు, ఒకడు వాళ్ళ అసెంబ్లీ మెంబరు. ఇంకో తమ్ముడుంటే వాణ్ణి బిషప్‌ను చేసేవాళ్ళంది. రోడ్డు మిల్లు దగ్గర ఆగిపోయింది. అవతల మూడు మైళ్ళ బురద, దాని చివర కూలీల గుడిసెలు.

"ఆ రోడ్డు ప్రభుత్వం డబ్బుతోనే వేశారు. మా ఊరి పేరు మీదే శాంక్షనైంది. కానీ మిల్లు దాకా వచ్చాక, చాల్లే అనుకున్నారు."

ఊళ్ళో బావిపంపు మీద ఆ కుటుంబం పేరు. బడి బెంచీల మీద వాళ్ళ పేరు. డాక్టరు లేని క్లినిక్ మీద వాళ్ళ తాత పేరు. ఎలక్షన్ రోజు చెరుకు ట్రక్కులొచ్చి కూలీలను ఎక్కించుకుపోయేవి. చేతిలో అన్నం పొట్లం, పొట్లంలో ఎవరికి వెయ్యాలో రాసిన చీటీ. మనాంగ్ వాళ్ళ నాన్నకు చెరుకు కత్తి కాలికి తగిలి, పుండై, ధనుర్వాతం వచ్చింది. ఉయ్యాల కట్టి నలుగురు మోసుకుపోతుంటే బురదలోనే ప్రాణం పోయింది. అప్పుడామెకు పధ్నాలుగేళ్ళు. మర్నాడు పొద్దున్నే దొరగారింటి నుంచి శవపేటిక వచ్చింది. మూత మీద కుటుంబం పేరు పెయింటు చేసి ఉంది.

"మా అమ్మ ఆ పెట్టె తెచ్చిన వాడి చేతులు కళ్ళకద్దుకుంది" అంది మనాంగ్. పెన్ను కార్డులోకి దిగబడింది.

నాకు ఏదో ఒకటి మాట్లాడాలనిపించి, "మా ఊళ్ళో అలా కాదు. మా పెదనాన్న సర్పంచిగా ఉన్నప్పుడు పట్టుబట్టి రోడ్డు వేయించాడు" అన్నాను. గర్వంగానే అన్నాను.

"ఎక్కడి దాకా?"

"మా ఇంటి దాకా."

ఆమె కాఫీ తాగుతూ నా మొహం చూసింది, అంతే. మా ఇంటికి అవతల మాలపల్లి ఉందని, వానాకాలం అక్కడి పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని మా గడపముందు కాళ్ళు కడుక్కుని బడికి పోయేవారని, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నాకు గుర్తొచ్చింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, ఆమె మీద. నెల రోజులు వేరే బల్ల దగ్గర తిన్నాను.

ఎనభై ఒకటిలో ఆమే వచ్చి పిలిచింది. "శనివారం మధ్యాహ్నం ఖాళీయేనా? మా దేవుడు అమెరికా వస్తున్నాడు. చూద్దువుగాని రా."

హోటల్ హాల్లో వాళ్ళ అసోసియేషన్ విందు. ఆ మిల్లు కుటుంబంలో అసెంబ్లీ మెంబరైన తమ్ముడు ముఖ్య అతిథి. రాక్షసుణ్ణి ఊహించుకుని వెళ్ళాను. పల్చటి తెల్లటి ఎంబ్రాయిడరీ చొక్కా వేసుకుని, మెత్తగా మాట్లాడే నలభై ఐదేళ్ళ మనిషి. ముసలివాళ్ళ చేతులు తనే ముందు పట్టుకుంటున్నాడు. స్టేజీ ఎక్కి, మా జిల్లాలో పేదవాళ్ళు ఆస్పత్రికి చేరేలోపే చనిపోతున్నారు, మాకొక అంబులెన్సు కావాలి, అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డలు సాయం చెయ్యాలి అన్నాడు. నర్సులు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

మనాంగ్ లేచి నిలబడింది. "సార్, ఒక ప్రశ్న. మీ తాతగారి పేరుతో క్లినిక్ ఉంది కదా. అందులోకి డాక్టరు ఎప్పుడొస్తాడు? మిల్లు అవతలి రోడ్డు ఎప్పుడు వేస్తారు?"

ఆయన మొహంలో నవ్వు చెదరలేదు. ఆమెను పేరు పెట్టి పిలిచాడు. వాళ్ళ నాన్న పేరు చెప్పి, ఎంత కష్టజీవో అన్నాడు. తర్వాత, "మీ అమ్మగారు ఎలా ఉన్నారు? ఇంకా ఆ కాలవ పక్కనేనా, మా స్థలంలోనే ఉంటున్నారు కదూ? ఆ వయసులో ఒక్కరే ఉండటం మంచిది కాదు. నేను స్వయంగా కనుక్కుంటాను" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత మర్యాద, ఎంత జ్ఞాపకశక్తి అనుకుని నేనూ కొట్టాను. పక్కకు తిరిగి చూస్తే మనాంగ్ కూర్చుని ఉంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"వెళ్దామా" అంది.

కారులో కూడా నాకు అర్థం కాలేదు. "మీ అమ్మగారిని చూసుకుంటానన్నాడు కదా" అన్నాను.

"అవును. చూసుకుంటాడు" అంది ఆమె.

రెండు నెలలకు వాళ్ళమ్మ గుడిసె తీసెయ్యమన్నారు. అక్కడ ఏదో గోడౌను కడుతున్నారట. ఆ ముసలావిడ తన కొడుకు ఇంటికి, తోటల అవతలికి పోయింది. గోడౌను మాత్రం ఎన్నాళ్ళయినా లేవలేదు.

ఆ వేసవిలోనే మా హాస్పిటల్ కొత్త అంబులెన్సు కొని, పాతదాన్ని ఆ జిల్లాకు దానమివ్వాలని నిర్ణయించింది. మనాంగ్ ఉత్తరం టైపు చేసింది. వద్దని కాదు. ఆ బండిని ఏ కుటుంబం చేతికీ ఇవ్వొద్దు, అక్కడి ప్రభుత్వాసుపత్రికి కాగితం మీద రాసివ్వండి అని మాత్రమే అడిగింది. సంతకాల కోసం అందరి దగ్గరికీ తిరిగింది. మిగతా నర్సులందరికీ ఊళ్ళో ఎవరో ఒకరు ఎవరి స్థలంలోనో ఉన్నారు. ఒక్కరూ పెట్టలేదు. చివరికి నా దగ్గరికి వచ్చింది. నాకా దేశంలో ఎవరూ లేరు. నన్నెవరూ ఏమీ చెయ్యలేరు.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను. టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, "మనకెందుకే ఆ పాలిటిక్స్. నీ జాబ్‌కి ఎఫెక్ట్ అయితే? హౌస్ లోన్ ఇప్పుడే అప్లై చేశాం" అన్నాడు. నిజానికి ఆయన అలా అనాలనే అడిగాను. అనగానే నా గుండె తేలికపడింది. అది నాకు బాగా గుర్తుంది.

మర్నాడు, "ఆలోచించి చెప్తాను మనాంగ్" అన్నాను.

"ఆలోచించడానికేముంది? నీకు చదవడం వచ్చు కదా" అని కాగితం మడిచి పట్టుకుపోయింది. ఆఖరికి ఒకే సంతకంతో ఆ ఉత్తరం పైకి వెళ్ళింది. జవాబు రాలేదు. బండి ఓడెక్కింది.

ఏడాది తర్వాత ఎవరో ఫోటో పంపారు. మా హాస్పిటల్ బండే. ఎడమవైపు సొట్ట కూడా అలాగే ఉంది. తలుపు మీద ఆ కుటుంబం పేరు ఎర్ర అక్షరాల్లో. వెనక తలుపులు తీసి ఉన్నాయి. స్ట్రెచర్ ఉండాల్సిన చోట వెదురు గంపలు, గంపల్లో పందెం కోళ్ళు. మనాంగ్ ఆ ఫోటోను బ్రేక్‌రూమ్ నోటీసు బోర్డు మీద, సెలవుల లిస్టు పక్కన గుచ్చింది. సూపర్‌వైజరు తీసేసింది. మర్నాడు మళ్ళీ గుచ్చింది. ఎన్ని కాపీలు తీయించిందో తెలియదు. మూడు వారాలు అలా నడిచింది. నేను అటువైపు చూడకుండా కాఫీ పోసుకునేదాన్ని.

ఎనభై నాలుగులో వాళ్ళమ్మకు ఊపిరాడలేదు. కొడుకు మిల్లు దగ్గరికి పరుగెత్తి అంబులెన్సు అడిగాడు. మేయరు గారి చీటీ తెమ్మన్నాడు డ్రైవరు. మేయరు మనీలాలో ఉన్నాడు. చెరుకు ట్రక్కు మీద గోనెసంచులు పరిచి తీసుకెళ్ళారు. ఆస్పత్రి గేటు దాకా ప్రాణంతో వెళ్ళింది, లోపలికి వెళ్ళలేదు.

మనాంగ్ రెండు వారాల సెలవు పెట్టి వెళ్ళింది. తిరిగొచ్చిన అయిదో రోజు తనే చెప్పింది.

"నేను వెళ్ళేసరికి పెట్టె వచ్చేసి ఉంది. ఈసారి వార్నిష్ వేసింది, ఇత్తడి పిడులు. అమ్మను అందులో పడుకోబెట్టేశారు. మూత మీద పేరు."

"నువ్వేం చేశావు?"

"తియ్యండి అన్నాను. తమ్ముడు కాళ్ళు పట్టుకున్నాడు. వద్దక్కా, మేమిక్కడ బతకాలి అన్నాడు. పాదిరి కూడా చెప్పాడు, ఇచ్చిందాన్ని తిరగ్గొట్టడం పాపమని. నేనే చంకల కింద చేతులు పెట్టి అమ్మను లేపాను. రోజూ రోగులను లేపేదాన్నే కదా. ఎంత తేలిగ్గా ఉందో. చాపమీద పడుకోబెట్టాను. ఊళ్ళో వడ్రంగి మా ఇంటి తలుపూ, మంచం పలకలూ కలిపి మధ్యాహ్నానికి ఇంకో పెట్టె చేశాడు."

"మరి ఆ పెట్టె?"

"ఎద్దుబండి మీద మిల్లు గేటు దగ్గర దింపించాను. వాచ్‌మన్‌కి చెప్పాను, మీ దొరకి ఇది ముందుముందు పనికొస్తుందని."

ఆ మాట చెప్పి నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆమె తమ్ముడికి ఆ సీజనులో మిల్లు తోటల్లో పని దొరకలేదు. తర్వాతి సీజనుకూ దొరకలేదు. అతని ఇల్లు గడవడం ఆమె పంపే దానితోనే. ఆ పెట్టె తిప్పి పంపినందుకు పశ్చాత్తాపపడిందా అని నేను అడగలేదు. ఒకసారి తనే, "నా కోపం నేను తీర్చుకుని విమానమెక్కాను. బిల్లు తమ్ముడు కడుతున్నాడు" అంది.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో వాళ్ళ ప్రెసిడెంటు దేశం విడిచి పారిపోయాడు. మా బ్రేక్‌రూమ్ టీవీలో మనీలా వీధుల నిండా జనం, ట్యాంకుల ముందు మోకరిల్లిన చర్చి సిస్టర్లు, పూలు. ఫిలిప్పీన్స్ నర్సులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎవరో కేకు తెచ్చారు. మనాంగ్ ఒక ముక్క తీసుకుని గోడకానుకుని నిలబడి తింది.

"నువ్వు సంతోషంగా లేవా?" అన్నాను.

"వీధిలో ఉన్నవాళ్ళను చూసి సంతోషంగానే ఉంది. రేపు కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూసి మిగతాది చెప్తాను."

మరుసటేడు ఎలక్షన్లయ్యాయి. ఊరి నుంచి తమ్ముడు పంపిన పేపరు ముక్క పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. అదే నవ్వు, అదే మనిషి. చొక్కా మాత్రం కొత్త పార్టీ రంగుది. పారిపోయిన ప్రెసిడెంటును పొగిడిన నోటితోనే ప్రజాస్వామ్యం గెలిచిందని చెప్పి, భారీ మెజారిటీతో కొత్త కాంగ్రెసులోకి, అంటే వాళ్ళ పార్లమెంటులోకి, వెళ్ళాడు. అప్పటికి చక్కెర ధర పడిపోయి ఆ జిల్లాలో పిల్లలు ఆకలితో చస్తున్నారని ఇక్కడి పేపర్లలో కూడా వచ్చింది. ఎముకల గూళ్ళలాంటి ఆ పిల్లల బొమ్మలు చూపించి అతను విదేశాల నుంచి బియ్యం తెప్పించాడు. బియ్యం బస్తాల మీద ఎవరి పేరుందో చెప్పనక్కర్లేదు.

ఆ పేపరు ముక్కను ఆమె బోర్డు మీద గుచ్చబోతుంటే సూపర్‌వైజరు, "మళ్ళీ మొదలుపెట్టకు ప్లీజ్" అంది. అప్పుడు నేను లేచి, మనాంగ్ చేతిలోంచి పిన్ను తీసుకుని నేనే గుచ్చాను. ఆరేళ్ళు ఆలస్యంగా చేసిన పని. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. మనాంగ్ నాకు థాంక్స్ చెప్పలేదు.

అప్పటికే ఆమె ఇంకో పనిలో పడింది. "వాళ్ళను నేను ఓడించలేను. కానీ వాళ్ళకు చెరుకు నరికే చేతులు తగ్గించగలను" అనేది. చెల్లెళ్ళ పిల్లలనూ తమ్ముడి పిల్లలనూ ఒక్కొక్కరినే నర్సింగ్ చదివించి బయటికి లాగడం మొదలుపెట్టింది. ఒకమ్మాయి సౌదీ, ఒకమ్మాయి కెనడా. డబుల్ షిఫ్టులు చేసింది, సెకండ్ హ్యాండ్ కోటుతో పదేళ్ళు గడిపింది, పెళ్ళి మాట ఎత్తితే గయ్యిమనేది. ఒక్కో పిల్ల విమానమెక్కగానే బ్రేక్‌రూమ్‌లోకొచ్చి, "ఇంకొక ఓటు తగ్గింది" అని కుర్చీలో కూలబడేది.

ఎనభై తొమ్మిది ఆగస్టులో తమ్ముడి పెద్దకూతురు షికాగో వచ్చింది. మా హాస్పిటల్లోనే నర్సు ఉద్యోగం. సామాను ఉంటుందని మా వ్యాన్ తీసుకుని ఓహేర్ ఎయిర్‌పోర్టుకు వెళ్ళాం. మనాంగ్ డ్రైవ్ చేసింది. నేను వెనక కూర్చున్నాను. ఎర్రటి ఎండ. ఇరవై రెండేళ్ళ పిల్ల ముందు సీట్లో కూర్చుని, నాకూ అర్థం కావాలని ఇంగ్లీషులోనే కబుర్లు చెబుతోంది.

"ఎయిర్‌పోర్టుకి ఎలా వచ్చావ్? నాన్న దింపాడా?" అంది మనాంగ్.

"లేదత్తా, కాంగ్రెస్‌మన్ గారు కారు పంపించారు. ఏసీ కారు. మిల్లు దగ్గర ఎక్కాను. ఆయన కూడా బయటికి వచ్చి బ్లెస్ చేశారు. నన్ను పేరు పెట్టి పిలిచారు తెలుసా. మన ఇంట్లో అందరి పేర్లూ ఆయనకు తెలుసు."

"పశువులకు కూడా పేర్లు పెడతారు" అంది మనాంగ్.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. మనాంగ్ స్టీరింగ్ మీద చేత్తో కొడుతూ మొదలుపెట్టింది. ఇన్నేళ్ళు నా ఎముకలు అరగదీసి నిన్ను చదివిస్తే, ఆఖరి రోజు వాడి కారెక్కి వస్తావా. మీ నానమ్మ ఎలా పోయిందో నీకు తెలియదా. రేపు వాడు స్టేజీ ఎక్కి, ఈ పిల్లను అమెరికా పంపింది నేనే అంటాడు. ఊరంతా నమ్ముతుంది. నువ్వే నమ్ముతావు. వెనక నుంచి ఆమె మెడ నరాలు నాకు కనిపిస్తున్నాయి. నేను, "వదిలెయ్ మనాంగ్, పిల్ల ఇప్పుడే దిగింది" అన్నాను. వినిపించుకోలేదు.

ఆ పిల్ల ఏడవలేదు. ఎదురు మాట్లాడుతున్నట్టు కూడా లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"మరి నేనెలా రావాలత్తా? ఆ రోజు వాన. మన ఊరికి బస్సు లేదు. ట్రక్కులన్నీ మిల్లువే. ఫ్లైటు మిస్సయితే ఉద్యోగం పోతుందని నువ్వే ఫోన్లో చెప్పావు. ఇంకెవరి కారు ఉంది అక్కడ?"

మనాంగ్ ఏ మాటకైనా ఠకీమని జవాబు చెప్పే మనిషి. డాక్టర్లకు చెప్పింది, సూపర్‌వైజర్లకు చెప్పింది, అంత పెద్దమనిషిని అంతమందిలో నిలదీసింది. ఇప్పుడు రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుంది.

అరోరా ఎగ్జిట్ బోర్డు వచ్చింది, దాటిపోయింది. ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్న దారి. ఆమె చూసుకోలేదు. నేను చూశాను, చెప్పలేదు. ఇటూ అటూ మొక్కజొన్న చేల మధ్య ఆ టోల్‌వే మీద చాలా దూరం అలాగే పోయాం.